ఈ కార్డు కలవారు రోగులు కారు

మా జిల్లా ఆసుపత్రిలో తొమ్మిదో నంబరు గది ఒకటి ఉండేది. గది ఇప్పటికీ ఉంది, నంబరే లేదు. నంబరుంటే జనం కనుక్కుంటారని చెరిపేశారు. ఆ గదిలో ఎయిడ్స్ మందులిచ్చే ఫార్మసిస్టుని నేను. పేరు ఏసుపాదం. పదకొండేళ్లుగా అదే కిటికీ, అదే స్టూలు, తిరిగినప్పుడల్లా మూలిగే అదే ఫ్యాను.

మా పక్కగది పళ్ల డాక్టరుగారిది. రెండు గదులకీ కలిపి బయట ఒకటే బెంచీ. దవడ వాచినవాళ్లూ, నా దగ్గరికొచ్చేవాళ్లూ దాని మీదే కూర్చునేవారు. నావాళ్లలో కాస్త తెలివైనవాళ్లు దవడకి చెయ్యి ఆనించుకుని కూర్చునేవారు. నాలుగు వందల పన్నెండు మంది నెలకోసారి వచ్చి, దవడ పట్టుకుని, వంతు రాగానే డబ్బా తీసుకుని సంచిలో వేసుకుని వెళ్లిపోయేవారు. ఈ ఊళ్లో జనానికి పళ్లు మరీ పుచ్చిపోతున్నాయని బయట అనుకునేవారే గాని, ఇంకో మాట ఎవరూ అనలేదు. గోప్యత అనే పదం మాకెవరికీ తెలియదు. తెలియదు కాబట్టి అది చక్కగా జరిగిపోయేది.

దవడ పట్టుకునేవాళ్లలో సామ్రాజ్యం ఒకతి. బస్టాండు ఎదురుగా ఇడ్లీ బండి ఆమెదే. మొగుడు లారీ డ్రైవరు. పోతూ పోతూ ఈ జబ్బునీ, ఒక ముసలి అత్తనీ ఆమెకి అప్పజెప్పి పోయాడు. రెండింటినీ ఎనిమిదేళ్లుగా సాకుతోంది. రోజుకో మాత్ర, ఒక్కరోజు తప్పలేదు. ఈ మాత్ర వేసుకున్నంతకాలం జబ్బు లోపల పడుకుని ఉంటుంది, మనిషి నిక్షేపంగా నూరేళ్లు బతకొచ్చు. మానేస్తే లేస్తుంది. లేచాక పాత మాత్రకి లొంగుతుందన్న నమ్మకం లేదు. ఇక ఇడ్లీల వల్ల ఈ జబ్బు రాదు. ఆ సంగతి నాకు తెలుసు, సామ్రాజ్యానికి తెలుసు. బస్టాండుకి తెలియదు. అందుకే ఆమె దవడ మిగతావాళ్లకంటే గట్టిగా పట్టుకునేది.

ఇలా ఉండగా రాజధాని నుంచి సర్క్యులరు వచ్చింది. దాని సారాంశం ఏమనగా, రోగుల వివరములు అత్యంత గోప్యముగా ఉంచవలెను, సదరు గోప్యత అమలగుచున్నట్లు అందరికీ కనిపించునట్లు చర్యలు తీసుకొనవలెను. రెండో వాక్యం రాసిన మహానుభావుడెవరో గాని, మా కొంప ముంచింది అదే.

సర్క్యులరు వెనకాలే ప్రత్యేకాధికారి వైకుంఠరావుగారు వచ్చారు. అంతకుముందు ఆయన తేనెటీగల పెంపకం శాఖలో ఉండేవారు. తేనెటీగలకీ దీనికీ సంబంధం ఏమిటని అడిగే హోదా మాలో ఎవరికీ లేదు. వచ్చిన రోజే మీటింగు పెట్టారు. హెడ్ క్లర్కు అంకినీడు కలం విప్పి, తల వంచి కూర్చున్నాడు. ఆయన పదిహేనేళ్లుగా మీటింగుల్లో తల ఎత్తలేదు, అందుకే ఉద్యోగంలో ఒక్క మచ్చ లేదు.

"ఈ బెంచీ ఏమిటండీ?" అన్నారు వైకుంఠరావుగారు. "దంత రోగులనూ, మన లబ్ధిదారులనూ ఒకే ఆసనముపై కూర్చుండబెట్టుటయా? గోప్యత అనేది ఎక్కడైనా కనబడుతోందా?"

"కనబడట్లేదు సార్," అన్నాన్నేను. నిజమే చెప్పాను.

"కనబడాలి!"

పది రోజుల్లో కనబడింది. ఆసుపత్రి వెనక గోడ పగలగొట్టి మాకు వేరే గేటు పెట్టారు. దాని పైన ట్యూబులైటు వేసి 'గోప్యతా ద్వారము' అని బోర్డు కట్టారు. ఊరివాళ్లు దారి తప్పకుండా పెద్ద గేటు దగ్గర నుంచి గోడల పొడుగునా ఎర్రరంగుతో బాణాలు గీసి, ప్రతి బాణం కింద 'గోప్యతా మార్గము' అని రాశారు. డబ్బాలు బయటికి కనిపించకుండా ముదురు పసుపురంగు గుడ్డసంచులు కుట్టించారు. ఏ సంచి దేనిదో పొరపాటు పడకుండా వాటి మీద 'గోప్యము' అని అచ్చు వేయించారు.

వారం తిరక్కుండా బస్టాండు దగ్గర ఆటోవాళ్లు కేకలు మొదలుపెట్టారు. "గోప్యం, గోప్యం! ఇంకొక్కరు ఎక్కితే బండి కదుల్తది!" పసుపు సంచి పట్టుకుని ఎవరు నడిచినా ఊరు ఊరంతా పక్కకి జరిగేది. పాపం, పెళ్లికి పసుపు సంచీలో తాంబూలం తెచ్చుకున్న ముసలాయన్ని బస్సులోంచి దింపేశారు. సామ్రాజ్యం తన సంచిని ఇడ్లీ రవ్వ మూటలోకి, మూటని గిన్నెలోకి దూర్చి తీసుకెళ్లేది. ఆ నెల వచ్చినవాళ్లు మూడొందల పదిమంది. మిగతా వందమందీ ఏమయ్యారో రిజిస్టరు చెప్పలేదు.

ఈ సంగతి రెండో మీటింగులో మనవి చేశాను. వైకుంఠరావుగారు కోప్పడలేదు. ఆయనకి సమస్య దొరికితే తీపి తిన్నంత సంతోషం.

"క్యూలో లబ్ధిదారులు మాత్రమే ఉండుట వలన వారు లబ్ధిదారులని తెలిసిపోవుచున్నది. కావున లబ్ధిదారులు కానివారిని కూడా క్యూలో నిలబెట్టవలెను. తేనెపట్టులో ఏ ఈగ రాణియో బయటివాడికి తెలియునా?"

అంకినీడు తేనెపట్టుతో సహా రాసుకున్నాడు. మర్నాటి నుంచి ఆసుపత్రి సిబ్బందిలో రోజుకి ఇరవైమంది, వంతులవారీగా, పసుపు సంచులు పట్టుకుని నా కిటికీ ముందు నిలబడాలని ఉత్తర్వు వచ్చింది. నర్సులు, వార్డుబాయిలు, వంటగదివాళ్లు, అంబులెన్సు డ్రైవరు అందరూ. ఆలోచన చెడ్డదేం కాదు. ఒక్కరోజు నడిచింది కూడా. రెండోరోజు యూనియన్ నాయకుడు ఎక్స్‌రే వెంకయ్య సూపరింటెండెంటు గది ముందు బైఠాయించాడు.

"నిన్న లైన్లో నిలబడ్డానని మా మావ ఇంటికొచ్చి నా పెళ్లాన్ని తీసకపోయిండు సార్! మా ఇజ్జత్ ఏం గావాల? మేం రోగులం కాదని గవర్నమెంటు రాసియ్యాల!"

న్యాయమైన కోరిక అన్నారు వైకుంఠరావుగారు. గుమ్మడికాయల దొంగ అనకముందే అందరూ భుజాలు తడుముకుంటున్నారు గనక భుజాలకే ఏదో ఒకటి తగిలిద్దామనుకున్నారు కాబోలు, మూడోరోజుకల్లా కార్డులు వచ్చాయి. అరచేతంత ప్లాస్టిక్కు, నీలం తాడు, ఫొటో, గుండ్రటి ముద్ర, కింద పెద్దక్షరాలు: 'ఈ కార్డు కలవారు రోగులు కారు.' సిబ్బంది అందరూ క్యూలో నిలబడినంతసేపూ మెడలో వేసుకోవాలి.

సోమవారం ఉదయం కిటికీ తెరిచి చూశాను. క్యూలో ముప్పైనలుగురున్నారు. ఇరవైమంది మెడల్లో కార్డులున్నాయి. పద్నాలుగు మెడలు బోసిగా ఉన్నాయి. పదకొండేళ్లలో నావాళ్లని అంత స్పష్టంగా నేను కూడా ఎప్పుడూ చూడలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అక్కడ మందు వేసినవాడిని నేనే కదా అని సిగ్గుపడ్డాను. ఆరో మెడ సామ్రాజ్యానిది. ఆమె అటూ ఇటూ చూసి, చీరకొంగు మెడ చుట్టూ లాక్కుని, క్యూలోంచి తప్పుకుని, బాణాల వెంట వెనక్కి వెళ్లిపోయింది.

సాయంత్రం బండి దగ్గరికి వెళ్లాను. ఎవరూ లేని వేళ చూసి అడిగాను.

"ఎన్ని మాత్రలున్నయ్యమ్మా?"

"తొమ్మిది, అన్నా." గిన్నె తోముతూ తల ఎత్తలేదు. "ఆ లైన్లో నేను నిలబళ్లేను. నా ఎనక నిలబడ్డది ఎవరనుకున్నవ్? కూరగాయల రవణ మరదలు, వార్డులో ఆయా. నా మెడకెల్లి చూసి 'ఏం సామ్రాజ్యం, కార్డు ఇంటికాడ మర్చిపోయినవా' అన్నది. అవునమ్మా, మర్చిపోయినా, తెచ్చుకుంటా అని వచ్చేసినా. ఏం జెయ్యమంటవ్? మాత్రకి పోతే బండి పోతది. బండి పోతే మా అత్త నేను ఏం దిని ఆ మాత్ర ఏసుకోవాల?"

నేను వెళ్లి వైకుంఠరావుగారికి చెప్పాను. కార్డు లేనివాళ్లే రోగులని క్యూ చూసిన ప్రతివాడికీ తెలిసిపోతోంది సార్, అన్నాను. ఆయన రెండు నిమిషాలు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి ముఖం వెలిగిపోతోంది.

"లబ్ధిదారులకు కూడా కార్డులిచ్చెదము!"

"వాళ్లు రోగులు కారని రాసివ్వాలా సార్?"

"గోప్యత అంటే మరేమిటయ్యా?"

"మరి కార్డిచ్చే ముందు పరీక్ష..."

"పరీక్ష చేసినచో ఫలితం తెలియును. ఫలితం తెలిసినచో గోప్యతకు భంగం. పరీక్షలు తక్షణమే నిలుపుదల చేయండి." అంకినీడు తల ఎత్తకుండా రాసుకున్నాడు.

సామ్రాజ్యానికి కార్డు వచ్చింది. ఫొటోలో నవ్వింది కూడా. ఆ రోజే క్యూలో నిలబడి ఆ నెల డబ్బా తీసుకుంది. మర్నాడు కార్డు మెళ్లో వేసుకుని ఇడ్లీలు పోసింది. ఆమెని చూసి పక్కనున్న దోశెల బండివాడు పరుగెత్తుకొచ్చి తనకీ కావాలన్నాడు. ఆమెకుండి తనకి లేకపోతే జనం ఏమనుకుంటారు? అతన్ని చూసి మంగలి షాపు, మంగలి షాపుని చూసి మిల్లు కూలీలు, వాళ్లని చూసి మేస్టర్లు వచ్చారు. నెలరోజుల్లో కార్డు లేని మెడ ఊళ్లో కనబడితే పిల్లలు వెంటపడేవారు. పెళ్లిచూపులకి జాతకం బదులు కార్డు అడిగారు. ఒక పాలామె గేదెకి కూడా కావాలని తోలుకొచ్చింది. నిబంధనల్లో మనుషులకి మాత్రమేనని ఎక్కడా లేదు గనక ఇచ్చేశారు. ఫొటోలో కొమ్ములు పట్టలేదు, అంతే.

బస్టాండులో సామ్రాజ్యం బండికి గిరాకీ పెరిగింది. నాకు కొంచెం స్థిమితం కలిగింది. రోగులు కార్డులు వేసుకుని వస్తారు, అందరూ కార్డుల్లోనే ఉంటారు, నేను మాత్రలిస్తాను. పిచ్చి కుదిరింది, తలకి రోకలి చుట్టక్కర్లేదు అనుకున్నాను.

రోకలి ఆ గురువారం వచ్చింది. సామ్రాజ్యం కిటికీలోంచి చెయ్యి చాపింది. నేను ఆమె నంబరు కంప్యూటరులో కొట్టాను. 'కార్డు కలవారు. మందులు ఇవ్వరాదు' అని వచ్చింది. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. ఆమె వెనక పదిహేనుమందికి కొట్టాను. అందరికీ అదే. కిటికీకి తాళం వేసి పై గదికి పరుగెత్తాను.

"నిజమే," అన్నారు వైకుంఠరావుగారు తాపీగా. "ఎయిడ్స్ మందులు రోగులకు మాత్రమే. రోగి కాడని ప్రభుత్వమే ధ్రువీకరించిన వ్యక్తికి అదే ప్రభుత్వం మందులిచ్చునా? ఆడిట్ వారు ఊరుకొందురా?"

"వాళ్లు నిజంగా రోగులే కదా సార్!"

"ఆ సంగతి మీకెట్లు తెలియును?" ఆయన గొంతు తగ్గించారు. "తెలిసినా చెప్పవచ్చునా? ఏసుపాదంగారూ, మీరిప్పుడు గోప్యతను ఉల్లంఘించుచున్నారు."

అడ్డదారేమీ లేదా అని అడిగితే రాజమార్గమే ఉందన్నారు. మందు కావలసినవారు కార్డు వాపసు ఇవ్వవచ్చు. మూడు ప్రతుల్లో దరఖాస్తు, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. దరఖాస్తుదారు పేరు, ఫొటో, ఇంటి చిరునామా పదిహేను రోజులు నోటీసు బోర్డు మీద పెడతారు. అభ్యంతరం గలవారు తెలియజేయవచ్చు.

"అభ్యంతరం ఎవరికుంటుంది సార్?"

"నకిలీ రోగులు చొరబడకుండా జాగ్రత్త."

ఆ వారం ఒక్క దరఖాస్తూ రాలేదు. రోగుల సంఖ్య అన్న గడిలో సున్న వేసి అంకినీడు పైకి పంపాడు. మూడోనాడు రాజధాని నుంచి అభినందన వచ్చింది. దేశంలో ఏ జిల్లా సాధించనిది మీరు సాధించారు, 'శూన్య జిల్లా' ప్రకటనకి ఏర్పాట్లు చేసుకోండి, రోగులు లేరు గనక నిల్వ ఉన్న మందులు శనివారం లారీ వచ్చి తీసుకుపోవును అని. వైకుంఠరావుగారు ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించారు.

శుక్రవారం పొద్దున సామ్రాజ్యం నా ఇంటికొచ్చింది. ఎనిమిదేళ్లలో ఎప్పుడూ రాలేదు. గుమ్మంలో నిలబడి, "మూడే ఉన్నయ్ అన్నా," అంది. "నువ్వు ఎనిమిదేళ్లు ఇచ్చినవ్. ఈసారి ఇయ్యకపోతే ఇయ్యకపోయినవ్‌లే, కానీ నాకు ఒకటి చెప్పు. రోజు మార్చి రోజు ఏసుకుంటే ఎన్నాళ్లు వస్తది?"

రోజు మార్చి రోజు వేసుకోవడం జబ్బుని నిద్రలేపడమే. ఆమెకి అది నేనే ఎనిమిదేళ్ల కింద చెప్పాను. ఆమె అడుగుతున్నది మందు లెక్క కాదు, ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది.

ఆ పదిగంటలకే నేను మెళ్లోంచి నా కార్డు తీసి వైకుంఠరావుగారి బల్ల మీద పెట్టాను.

"వాపసు సార్. నేను రోగిని."

అంకినీడు పదిహేనేళ్లలో మొదటిసారి తల ఎత్తాడు.

"నిర్ధారణ?" అన్నారు వైకుంఠరావుగారు.

"పరీక్షలు తమరే ఆపేశారు సార్."

అది వారికి కాదనలేని మాట అయింది. సిబ్బందికి పదిహేను రోజుల గడువు వర్తించదని నిబంధన ఉంది, అదీ నాకు కలిసొచ్చింది. సాక్షుల కింద ఎక్స్‌రే వెంకయ్య, పళ్ల డాక్టరుగారు సంతకాలు చేశారు. వాళ్లు నా మొహంలోకి చూడలేదు. మందుల పరిమాణం అన్న గడిలో నేను 'నెలకు నాలుగు వందల పన్నెండు డబ్బాలు' అని రాశాను.

"ఒక్క మనిషికా?"

"జబ్బు చాలా తీవ్రంగా ఉంది సార్."

ఆయన నిబంధనల పుస్తకం అటూ ఇటూ తిరగేశారు. తక్కువ ఇవ్వరాదని ఉంది గాని ఎక్కువ ఇవ్వరాదని ఎక్కడా లేదు. 'బరువును బట్టి' అని పక్కన రాసి సంతకం చేశారు. శనివారం వచ్చిన లారీ ఖాళీగా వెళ్లిపోయింది. జిల్లాలోని ఏకైక రోగిని నేను. నోటీసు బోర్డు మీద నా ఫొటో.

ఆ సాయంత్రానికే ఊరికి తెలిసింది. ఇంటికెళ్లేసరికి నా భార్య సువార్త గుమ్మంలో చీపురు పట్టుకుని ఉంది.

"పెళ్లయిన ఇరవైరెండేళ్లకి నీ సంగతి నేను నోటీసు బోర్డు మీద చదువుకోవాల్నా?"

జరిగింది చెప్పాను. చీపురు కింద పెట్టింది. "నాతో ఒక మాట చెప్పి జేస్తే నీ సొమ్మేం బోయింది?" అని, అన్నం పెట్టింది. అంతవరకు నా అదృష్టం. మిగతా ఊరికి నేను చెప్పుకోలేను కదా. చెబితే అందరి సంగతీ చెప్పినట్టే. ఆదివారం చర్చిలో సువార్త కూర్చున్న చాప మీద ఇంకెవరూ కూర్చోలేదు. టీ కొట్టువాడు నాకు గ్లాసు ఇవ్వడం మానేసి, కాగితం కప్పులో పోసి, గట్టు మీద పెట్టి దూరంగా నిలబడేవాడు. పదకొండేళ్లుగా ఈ మనుషుల భయం నాకు తెలుసు అనుకుంటూ వచ్చాను. నాకు మందుల పేర్లు తప్ప ఏమీ తెలియదు.

మందులు మాత్రం చేరేవి. నేను తెల్లవారగానే సంచి తెచ్చి సామ్రాజ్యం బండి కింద పెడతాను. నావాళ్లు, రావడం మానేసిన వందమందితో సహా, ఇడ్లీ పార్సిలు కట్టించుకుంటారు. డబ్బా పార్సిల్లో వెళ్తుంది. నాలుగు వందల పదకొండు మంది మామూలు గిరాకీలో కలిసి పార్సిళ్లతో ఆమె బండి ముందు నిలబడితే, వాళ్లలో ఎవరేమిటో చెప్పడం దేవుడి తరం కూడా కాదు.

ఒకరోజు నాకే ఆకలేసి అక్కడ ఇడ్లీ అడిగాను. సామ్రాజ్యం స్టీలు ప్లేటు తీసింది. వెంటనే బల్ల దగ్గరున్న కండక్టరు గుర్రుమన్నాడు.

"ఏంది, ఆయనకి మేం దినే ప్లేటా? ఆయన ఫొటో బోర్డు మీద చూళ్లేదా నువ్వు?"

సామ్రాజ్యం చెయ్యి ఆగింది. స్టీలు ప్లేటు పక్కన పెట్టి, కాగితం ప్లేటులో రెండు ఇడ్లీలు వేసి, గట్టు మీద పెట్టింది. నేను తిన్నాను. రుచి తెలియలేదు. చెయ్యి కడుక్కోవడానికి నీళ్ల డ్రమ్ము దగ్గరికి వెళ్తే ఆమె వెనకే వచ్చి, "తప్పయింది అన్నా," అంది. "నా చెయ్యి దానంతటదే కాగితం ప్లేటు మీదికి పోయింది." ఆమె మెళ్లో కార్డు ఊగుతోంది. నేను పర్లేదన్నాను. పర్లేదు అనడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

వైకుంఠరావుగారికి మాత్రం మనశ్శాంతి లేకుండా పోయింది. సున్న కావలసిన చోట ఒకటి కూర్చుంది. మూడు మీటింగులు పెట్టారు. చివరికి ఉత్తర్వు వచ్చింది: 'జిల్లాలో మిగిలియున్న ఏకైక రోగి శ్రీ ఏసుపాదంగారిని పరిపాలనా కారణములచే వేరొక జిల్లాకు బదిలీ చేయడమైనది. రోగితోపాటు వారి మందులు కూడా బదిలీ అగును.' వాళ్లు పంపుతున్న ఊరు మూడు వందల కిలోమీటర్ల దూరం. నాతోపాటు నాలుగు వందల పన్నెండు డబ్బాలు కూడా పోతాయి. పార్సిళ్లలో ఇక ఇడ్లీలే మిగుల్తాయి.

నన్ను రిలీవ్ చేసే రోజే 'శూన్య దినోత్సవం' పెట్టారు. ఆసుపత్రి ఆవరణలో షామియానా, వేదిక మీద పెద్ద గుండ్రటి సున్న, చుట్టూ బంతిపూలు. పొద్దున్నే టిఫిన్లు. వంటవారు కార్డు కలవారై ఉండవలెనని నిబంధన గనక సామ్రాజ్యానికి అప్పగించారు. మూడొందల మంది సిబ్బంది, పెద్దలు ప్లేట్లు పట్టుకుని తింటున్నారు. వైకుంఠరావుగారు వేదిక మీదే ఆరు ఇడ్లీలు తిని, చట్నీ బహు రమ్యముగా ఉన్నదని మెచ్చుకుని, మైకు అందుకున్నారు.

"ఈ క్షణమున ఈ జిల్లాయందు, ఈ ఏసుపాదంగారు తప్ప, ఎయిడ్స్ ఉన్నవారు ఒక్కరు కూడా లేరు. మరి పది నిమిషములలో వీరు కూడా ఉండరు!"

చప్పట్లు కొట్టారు. ప్లేట్లున్నవాళ్లు తొడల మీద కొట్టుకున్నారు. నేను వేదిక కింద, నా అట్టపెట్టెల పక్కన, మెళ్లో ఎవరో వేసిన దండతో నిలబడ్డాను. చప్పట్లు ఆగాక సామ్రాజ్యం ఇడ్లీ కుక్కరు దగ్గర నుంచి లేచింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ వేదిక ముందుకి వచ్చింది.

"నేనున్నా సారూ."

"ఎవరమ్మా మీరు? ఇడ్లీలు అయిపోయినవా?"

"ఇడ్లీలున్నయ్. నేను గూడా ఉన్నా. ఈ జబ్బు నాకు ఎనిమిదేళ్ల బట్టి ఉంది." కార్డు మెళ్లోంచి తీసి వేదిక మీద, ఆయన బూట్ల దగ్గర పెట్టింది. "ఆ అన్నకి ఏ జబ్బూ లేదు. మా మాత్రల కోసం ఆయన బోర్డెక్కినాడు. ఆయన్ని పంపిస్తే మాత్రలూ బోతయ్. రాసుకోండి నా పేరు. బత్తుల సామ్రాజ్యం, బస్టాండెదురు ఇడ్లీ బండి. బోర్డు మీద ఫొటో ఏసుకోండి, బాగా కనపడేది ఏసుకోండి. డబ్బాలన్నీ నా పేరున రాయండి."

మూడొందల నోళ్లలో ఇడ్లీ అలాగే ఉండిపోయింది. మింగాలా ఉమ్మాలా అన్నది ఎవరికీ తేలలేదు.

"ఏంది అట్టా జూస్తన్నారు?" ఆమె వాళ్లకేసి తిరిగింది. "ఎనిమిదేళ్ల బట్టి ఈ చేతులతోనే పెడతన్నా. మీలో నా బండి కాడ తిననోళ్లు ఎవురున్నారో చెయ్యెత్తండి. ఎవురికన్నా ఏమన్నా అయిందా?"

చెయ్యి ఎవరూ ఎత్తలేదు. చాలామంది ప్లేట్లు కింద పెట్టేశారు. కొందరు షామియానా వెనక్కి పరుగెత్తారు, వాంతుల శబ్దం వినిపించింది. సామ్రాజ్యం ఆ వైపు చూసి పెదవి కొరుక్కుంది. తన రేపటి గిరాకీ అటే పోతోందని ఆమెకి తెలుసు. అంబులెన్సు డ్రైవరు మాత్రం నింపాదిగా తన ప్లేటు ఊడ్చి తిని, దగ్గరికొచ్చి, "ఇంకో రెండెయ్యక్కా, కారప్పొడి గూడా," అన్నాడు. ఆమె అతనికి వేసింది. అప్పుడు ఏడ్చింది.

అంకినీడు ఫారం తెచ్చాడు. మూడొందల మంది ముందు తనే చెప్పేసింది గనక పదిహేను రోజుల నోటీసు ఊసు ఎవరూ ఎత్తలేదు. సాక్షిగా నేను సంతకం చేశాను. రెండో సంతకం ఎవరిదని చూస్తుంటే, అంకినీడు జేబులోంచి తన కలమే తీసి సంతకం పెట్టాడు. వార్డులో ఆయా, కూరగాయల రవణ మరదలు, ఒకసారి సామ్రాజ్యం మొహంలోకి చూసి, తన కార్డు కూడా తీసి ఆ కార్డు పక్కన పెట్టింది. దేనికి పెట్టిందో నేను అడగలేదు. రోగి జిల్లాలోనే ఉంది గనక మందులు కదలవు. అట్టపెట్టెలు మళ్లీ లోపలికి మోయించాను. నా బదిలీ సంగతి తర్వాత తేలుతుందన్నారు.

ఈ హడావిడిలో నా భుజం మీద చెయ్యి పడింది. వైకుంఠరావుగారు. మైకు ఆపించారు, ముఖాన చెమటలు. ఏడాదిగా ఈ జిల్లాలో ఎయిడ్స్‌కి ఆయనే ప్రత్యేకాధికారి. నన్ను బంతిపూల సున్న చాటుకి లాక్కెళ్లి, చెవిలో అడిగారు.

"ఏసుపాదం, నిజం చెప్పు. ఇడ్లీల వల్ల రాదు కదా?"

నేను ఆయన్ని కింద నుంచి పైదాకా చూశాను.

"అది గోప్యం సార్," అన్నాను.

ఆయన సాయంత్రం దాకా మంచినీళ్లు కూడా ముట్టలేదని, పరీక్షలు మళ్లీ ఎప్పుడు మొదలుపెడతారని ఆసుపత్రికి ఆయనే స్వయంగా మూడుసార్లు ఫోను చేశారని అంకినీడు చెప్పాడు.